మూడో దెబ్బ

సంఘంలో అందరూ రామలక్ష్మిని చప్పుడాంటీ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఆవిడకే గుర్తులేదు గానీ, ఆ పేరంటే కోపం మాత్రం లేదు. ఏటా ఉగాది వెళ్ళిన ఆదివారం సింగపూర్‌లోని తెలుగువాళ్ళు ఓ హాలు అద్దెకు తీసుకుని ఆటాపాటా పెట్టుకుంటారు. ఆఖరి అంశం హాస్యనాటిక. అందులో మొగుడు పెళ్ళాన్ని చెంపదెబ్బ కొడతాడు. చెయ్యి చెంపకి నాలుగు వేళ్ళ ఎడంగా గాలిలోంచి పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో తెరచాటున మైకు ముందు నిలబడి చప్పుడు చేసేది రామలక్ష్మి. ఎడమ అరచెయ్యి చాచి, కుడి అరచేతిని కొంచెం దొప్పలా ముడిచి, రెంటికీ తడి అద్దుకుని ఒక్కటి కొడుతుంది. హాలంతా ఘొల్లున నవ్వుతుంది. ఆ నవ్వులో తన వాటా ఎంతో ఆవిడకి తెలుసు. ఐదేళ్ళుగా ఆ వాటాకి లోపల్లోపల మురిసిపోతూనే ఉంది.

ఇన్నేళ్ళూ పెళ్ళాం వేషం వేసింది చక్రధర్. మీసాలు గీక్కుని, చీర చుట్టుకుని, బొంగురు గొంతుతో ఏడుస్తుంటే జనం కడుపులు పట్టుకునేవారు. జనవరిలో చక్రధర్‌కి సిడ్నీకి బదిలీ అయింది. నాటిక రాసేదీ, ఆడించేదీ, మొగుడి వేషం కట్టేదీ రంగనాథే. సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలుగురికీ నోట్లో నాలుక, ఎవరింట్లో ఏ పని పడినా ముందుండే మనిషి. ‘‘ఇంకొకళ్ళని వెతకడం ఎందుకండీ, మా ఆవిడ ఉందిగా,’’ అన్నాడు. ఆ మాటతో భువన నాటికలోకి వచ్చింది.

నాటిక నాలుగు రోజులుందనగా బుధవారం పొద్దున్నే సంఘం వాట్సాప్ గ్రూపులో రంగనాథ్ పోస్టర్ పెట్టాడు. అందులో రంగనాథ్ లేడు, నాటిక పేరు కూడా ఓ మూలనే ఉంది. పోస్టరంతా భువనే. వెనక్కి తిరిగి నిలబడి భుజం మీదుగా చూస్తోంది, వీపు కనిపించే జాకెట్టు, నడుం దగ్గర జారిన చీర. కింద వరసగా నిప్పు బొమ్మలు, కళ్ళల్లో గుండెలున్న బొమ్మలు. ‘‘అదృష్టవంతులు సార్’’ అని ఒకరు. ‘‘ఫ్రంట్ రో టికెట్ ఎంతైనా సరే’’ అని ఇంకొకరు. అందరికీ రంగనాథ్ దణ్ణాల బొమ్మ పెట్టాడు. రామలక్ష్మి కళ్ళజోడు సర్దుకుని చూసి, ‘పిల్ల బాగుంది’ అనుకుని ఫోన్ పక్కన పెట్టింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

ఆ సాయంత్రం యీషున్‌లోని కమ్యూనిటీ క్లబ్ గదిలో రిహార్సల్. రెండు కుర్చీలు, ఒక బల్ల, అదే ఇల్లు. వెనక వరసలో రంగనాథ్ కూతురు నిఖిల, ఎనిమిదేళ్ళ పిల్ల, ఒళ్ళో అట్ట పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది.

‘‘ఈసారి ఒకటి కాదాంటీ, మూడు,’’ అన్నాడు రంగనాథ్ చేతులు రుద్దుకుంటూ. ‘‘ఫస్ట్‌ది కూర మాడ్చినందుకు. సెకండ్‌ది ఎదురు చెప్పినందుకు. థర్డ్‌ది ఊరికే!’’

‘ఊరికే’ అన్నచోట అందరూ నవ్వారు. రామలక్ష్మీ నవ్వింది. మూడో దెబ్బ తిన్నాక భువన మొగుడి కాళ్ళ మీద పడి, ‘‘మీరు కొడితేనే అండీ ఇల్లు ఇల్లులా ఉండేది’’ అనాలి. దానితో తెర.

పక్కింటాయన వేషం బాలుది. అతను పెళ్ళికాని కుర్రాడు. ‘‘భువనగారూ, మీ పోస్టర్ చూశాక మా రూమ్‌మేట్స్ అందరూ నాటకాల మీద ఇంట్రెస్ట్ పెంచేసుకున్నారండీ,’’ అన్నాడు. ఏదో అనాలి కాబట్టి భువన చిన్నగా నవ్వింది. రంగనాథ్ ఇంకా పెద్దగా నవ్వి, ‘‘చూశారా, మన టికెట్లన్నీ ఈవిడ వల్లే అమ్ముడవుతున్నాయి,’’ అంటూ భార్య భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ చేతి బొటనవేలు కంఠం ఎముక కింద లోతుగా దిగి ఉంది. ఇరవై రెండేళ్ళు ఆంగ్ మో కియో ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డుల మీద వెంట్రుకవాసి పగుళ్ళు పట్టుకుని రిటైరైన కళ్ళు రామలక్ష్మివి. ఆ వేలు ఆవిడ కంటపడింది. భువన మొహంలో నవ్వు అలాగే ఉంది, ఊపిరి మాత్రం ఆగింది.

మొదటి దెబ్బ ఆడించారు. రంగనాథ్ చెయ్యి ఇంకా నడుం దగ్గరే ఉంది, భువన తల అప్పుడే పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే.

‘‘చెయ్యి రాకముందే తిరిగితే ఎలా? నేచురల్‌గా ఉండాలి భువనా!’’

‘‘నో డాడీ, ఆంటీ ఈజ్ లేట్,’’ అంది వెనకనుంచి నిఖిల సింగపూర్ ఇంగ్లీషులో, పెన్సిల్ ఆపకుండానే. ‘‘సౌండ్ కమ్స్ ఫస్ట్. దెన్ ఓన్లీ అమ్మ హెడ్ గోస్ టు ద వాల్. లైక్ దట్ లా.’’

‘‘అమ్మో, అమ్మాయికి డైరెక్షన్ కూడా వచ్చేసిందే!’’ అన్నాడు బాలు. గది గదంతా నవ్వింది. రామలక్ష్మి తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. రెండు కుర్చీలూ ఒక బల్లా తప్ప అక్కడేమీ లేదు. ఆ నాటికలో గోడ లేదు.

*

మర్నాడు పదకొండింటికి భువన మేకప్ చూసుకోవడానికి రామలక్ష్మి ఫ్లాట్‌కి వచ్చింది. సంఘంలో మేకప్ పని కూడా చప్పుడాంటీదే. బయట ఎండ మండిపోతుంటే పిల్ల మణికట్టు దాకా చేతులున్న కుర్తా వేసుకొచ్చింది. కూర్చోగానే ఫోన్ మోగింది. కిటికీ, సీలింగు ఫ్యానూ పడేలా తన ఫొటో తీసుకుని పంపింది. పది నిమిషాలకి మళ్ళీ మోగింది, మళ్ళీ తీసింది.

‘‘ఎవరమ్మా?’’

‘‘ఆయనే ఆంటీ. ఎక్కడున్నానో అని.’’

రామలక్ష్మి స్పాంజి తడిపి రంగు అద్దడం మొదలుపెట్టింది. నుదురు, బుగ్గలు, గడ్డం బాగానే పట్టాయి. ఎడమ దవడ దగ్గరకి వచ్చేసరికి రంగు నిలవలేదు. అక్కడ చర్మం బిగిసి నున్నగా ఉంది. ఆవిడ జుట్టు పక్కకి తీసి చెవి వెనక చూసింది. వంకాయ రంగులో వాపు.

‘‘ఏటమ్మా ఇది?’’

‘‘పంటినొప్పి ఆంటీ.’’

‘‘పన్ను నొప్పెడితే సెవి ఎనకాల కములుతాదేటమ్మా?’’

భువన అద్దంలోంచి ఆవిడ కళ్ళలోకి చూసి చూపు దించేసుకుంది. ‘‘స్టేజీ మీద లైట్లలో కనపడకుండా ఉంటే చాలాంటీ,’’ అంది. రామలక్ష్మి ఇంకో పొర అద్దింది, దాని మీద పౌడరు. మరకలు కప్పడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. అది కూడా చక్కగా కప్పేసి, అద్దం వైపు చూడకుండా డబ్బా మూసేసింది.

పిల్ల వెళ్ళాక ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. ఆవిడ పుట్టింది మలేసియాలో, పేరాక్ రబ్బరుతోటలో. తాతలు సిక్కోలు వైపునుంచి వచ్చినవాళ్ళు. తోటలో ఎవడైనా పెళ్ళాన్ని మరీ చావగొడితే ఆడవాళ్ళు పెద్దమనిషి చెవిన వేసేవారు. ఆయన పిలిచి నాలుగు చివాట్లు పెట్టేవాడు. ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే. సంఘం అధ్యక్షుడు సుధాకరరావుకి ఫోన్ చేసింది. ఆయన బ్యాంకులో పెద్ద హోదాలో చేసి దిగిపోయిన మనిషి.

అంతా విని, ‘‘మీరు నాకు చెప్పి మంచి పని చేశారమ్మా,’’ అన్నాడు సుధాకరరావు. ‘‘రంగనాథ్ నా మాట కాదనడు. నేను చూసుకుంటాను.’’

శుక్రవారం మధ్యాహ్నం ఆయన దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ‘లంచ్‌లో కలిశాను. మాట్లాడాను. అంతా సర్దుకుంది.’ రామలక్ష్మి గుండెల మీంచి బరువు దిగింది. ఆ సాయంత్రం చేపల పులుసు పెట్టి, మొగుడు హరిదాస్‌కి రెండుసార్లు వడ్డించి, ‘‘సుడా,’’ అని మలయ్‌లో అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపి, ‘‘ఆ సంగతి తేలిపోనాది,’’ అంది. ఇంత తెలివైన మనిషికి అంత తెలివితక్కువ నమ్మకం ఎలా కుదిరిందో!

*

శనివారం హాల్లోనే రిహార్సల్. వేషాలతో, లైట్లతో. రామలక్ష్మి మైకు ఎత్తు సరిచేసుకుంటుంటే రంగనాథ్ రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకొచ్చాడు.

‘‘తీసుకోండి ఆంటీ. షుగర్ తక్కువే వేయించాను, మీకు పడదని.’’ గొంతు తగ్గించాడు. ‘‘మా భువన మీ దగ్గర ఏదేదో చెప్పుకుందట. ఇంట్లో ఒక్కతే ఉంటుంది కదా, ఊహలెక్కువ ఆంటీ. మీరేం మనసులో పెట్టుకోకండి. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం.’’

మొహమంతా నవ్వే. రామలక్ష్మి కాఫీ అక్కడే వదిలేసి మేకప్ గదిలోకి దాదాపు పరుగెత్తింది. భువన అద్దం ముందు ఒక్కతే ఉంది. గుమ్మంలో ఈవిడని చూసి లేవలేదు, తల తిప్పలేదు.

‘‘నేను మీకేమైనా చెప్పానా ఆంటీ?’’

‘‘లేదమ్మా.’’

‘‘ఒక్క ముక్కైనా చెప్పానా?’’

‘‘లేదమ్మా. నాకే సూడబుద్ది గాక—’’

‘‘చెప్పలేదంటే ఆయన నమ్మలేదు. ఎవరెవరికి చెప్పావో పేర్లు చెప్పు అని రాత్రంతా కూచోబెట్టారు.’’ భువన గొంతులో కోపం కూడా అలిసిపోయి ఉంది. ‘‘ఆ పోస్టర్‌కి ఫొటో ఆయనే తీశారు ఆంటీ. ఇంకొంచెం తిరుగు, చీర ఇంకొంచెం దించు అని ఆయనే చెప్పారు. తీరా అందరూ మెచ్చుకున్నాక, ఎవరిని చూసి అలా నవ్వావని నన్ను అడుగుతారు. బాలు ఆ మాటన్నందుకు బుధవారం. సుధాకరరావు అంకుల్ మాట్లాడినందుకు నిన్న. ఈ దేశంలో ఉండటానికి నాకిచ్చిన పాస్ ఆయన ఉద్యోగం మీద ఉంది. క్యాన్సిల్ చేయించి నన్నొక్కదాన్నీ తెనాలి పంపేస్తారట. నిఖిల ఇక్కడే ఉంటుందట. ఇక నా గురించి ఎవరితోనూ ఏమీ అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటా.’’

క్షమించమని అడగడానికి కూడా రామలక్ష్మికి మొహం చెల్లలేదు. డబ్బా తెరిచి స్పాంజి తడిపింది. ఈసారి కుడివైపు కూడా కప్పాల్సి వచ్చింది.

*

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి హాలు నిండిపోయింది. నాలుగు వందల కుర్చీలు చాలక గోడల వెంట కూడా నిలబడ్డారు. పచ్చడి పంచారు, పిల్లల నాట్యాలయ్యాయి, సుధాకరరావు ఉపన్యాసమైంది. నాటిక అనగానే ఫోన్లన్నీ పైకి లేచాయి.

భువన అడుగుపెట్టగానే వెనకనుంచి ఈల. మొదటి రెండు వరసల్లో ఫోన్ల తెరల మీద ఆమె నడుమే పెద్దదై కనిపిస్తోంది. తెరచాటున్న రామలక్ష్మికి అన్నీ కనిపిస్తున్నాయి. ఆవిడ ముందు మైకు, పక్కన స్టూలు మీద నీళ్ళ గిన్నె. చప్పుడు తప్పితే సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ పిల్లకి ఏమవుతుందో అని ఆవిడ భయం. బుద్ధిగా పని చేసేసి ఇంటికి పోదామనే వచ్చింది.

కూర మాడింది. రంగనాథ్ చెయ్యి లేచింది. రామలక్ష్మి కొట్టింది. చప్పుడు హాలంతా మోగింది, దాని వెనకే నవ్వు. ముందు వరసలో ఒకాయన పక్కనున్న భార్య భుజం మీద తట్టి, ‘చూశావా’ అన్నట్టు వేలు చూపించాడు. ఆవిడా నవ్వింది. రామలక్ష్మి అరచేతులు మండాయి.

రెండోది. ‘‘ఎదురు చెప్తావా?’’ అంటూ రంగనాథ్ చెయ్యి ఎత్తాడు. భువన కళ్ళు గట్టిగా మూసుకుంది. నటించేవాళ్ళు అలా మూసుకోరు. రామలక్ష్మి రెండు చేతులూ పైకి లేచాయి గానీ కలవలేదు. కలపడం ఆవిడ వల్ల కాలేదు. రంగనాథ్ చెయ్యి గాలిని కోసుకుంటూ పోయింది, ఏ చప్పుడూ లేదు. జనం నవ్వడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. అటు పక్కనుంచి బాలు ‘మైకా ఆంటీ?’ అని సైగ చేశాడు.

రంగనాథ్ తడబడలేదు. జనం వైపు తిరిగి, ‘‘చూశారా అండీ, దీనికి దెబ్బ కూడా సౌండ్ రావట్లేదు!’’ అన్నాడు. హాలు మళ్ళీ నవ్వుల్లో పడింది. తిరిగేటప్పుడు తెరచాటు వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు రామలక్ష్మి ఎన్నటికీ మరిచిపోలేదు. ‘‘అయితే ఇది ఊరికే!’’ అన్నాడు.

ఈసారి చెయ్యి గాలిలోంచి పోలేదు.

అతని కాలరుకున్న చిన్న మైకులోంచి పొట్టిగా, మొద్దుగా ఒక చప్పుడు వచ్చింది. భువన తూలి బల్ల అంచు పట్టుకుంది. చెవి కమ్మ ఊడి స్టేజీ మీద దొర్లింది. హాలు లేచి నిలబడింది. ఆ మూడో దెబ్బకి నవ్వినంతగా జనం అంతకుముందు ఏ ఏడూ నవ్వలేదు.

భువన కాళ్ళ మీద పడలేదు. ‘‘డైలాగ్,’’ అన్నాడు రంగనాథ్ పళ్ళ బిగువున. ఆమె అతన్ని చూడలేదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచి తెరచాటుకి వచ్చేసింది. అది కూడా నాటికలోదే అనుకుని జనం చప్పట్లు చరిచారు.

‘‘నా వల్లేనమ్మా,’’ అంది రామలక్ష్మి. ‘‘నేను కొట్టుంటే ఆడు నిన్ను—’’

‘‘తలుపులేసి కొట్టేవాడు ఆంటీ ఇన్నాళ్ళూ.’’ భువన వేళ్ళ సందుల్లోంచి నెత్తురు సన్నగా కారుతోంది. ‘‘ఇవాళ నాలుగొందల మంది ముందు కొట్టాడు. ఇప్పుడు కూడా నేను ఇంటికెళ్తే ఇంక ఎప్పటికీ బయటికి రాలేను. నిఖిలని తీసుకురండి.’’

రామలక్ష్మి మూడో వరసలోకి వెళ్ళింది. చుట్టూ అందరూ నిలబడి చప్పట్లు కొడుతుంటే పిల్ల ఒక్కతే కుర్చీలో రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉంది.

*

పోలీస్ పోస్ట్‌లో ఉన్న ఆఫీసరు తలగుడ్డ కట్టుకున్న మలయ్ అమ్మాయి. ముందు భువన చెవికి దూది పెట్టించింది, నిఖిలకి తాగడానికి మైలో తెప్పించింది. పాస్ సంగతి విని, దాని గురించి మాట్లాడటానికి వేరే మనుషులున్నారు, దానికి భయపడి ఫిర్యాదు మానొద్దు అంది. అప్పుడు జరిగింది చూడటానికి భువన ఫోన్ అడిగింది. గ్రూపులో అప్పటికే వీడియో వచ్చేసింది. ఒకటి కాదు, పదకొండు. ‘నేచురల్ యాక్టింగ్!!’ ‘భువనగారు జీవించేశారు!’ ‘రంగా అన్నా, టైమింగ్ కేక!’

ఆఫీసరు ఒకటి పెట్టి చూసింది. రెండోసారి చూసింది.

‘‘ఇది డ్రామా కదా మేడమ్,’’ అంది మెల్లిగా. ‘‘ఆయన యాక్టింగే అంటాడు. చెవికి గాయం ఉంది, నిజమే. కమ్మ తగిలి పొరపాటున అయిందంటాడు. చూసినవాళ్ళంతా కూడా యాక్టింగే అంటున్నారు.’’

భువన మొహంలో రంగు దిగిపోయింది. నాలుగు వందల మంది చూశారు, ఒక్కరూ చూడలేదు. అప్పుడే రామలక్ష్మి ఫోన్ మోగింది. సుధాకరరావు. ఆవిడ వరండాలోకి వచ్చి ఎత్తింది.

‘‘రామలక్ష్మి గారూ, ఎక్కడున్నారో తెలుసు. నేను తప్పు పట్టడం లేదమ్మా. ఒక్క మాట వినండి. మూడోసారి కూడా చప్పుడు నేనే చేశానని చెప్పండి. అంతే. ఐదేళ్ళుగా మీరు చేస్తున్నదే కదా, అందులో పెద్ద అబద్ధం ఏముంది? భార్యాభర్తల్ని కూచోబెట్టి మనం సర్దుదాం. ఒక కాపురం నిలబడుతుంది. సంఘం పరువు నిలబడుతుంది. మీ నోటి మాట మీద ఉందమ్మా.’’

అప్పటిదాకా ఆవిడకి తట్టలేదు. ఆ హాల్లో ఉన్న అంతమందిలో ఏది ఉత్తుత్తి దెబ్బో, ఏది నిజం దెబ్బో తెలిసిన మనిషి తనొక్కతే.

‘‘మీకు సెప్పినందుకే ఆ పిల్లకి రెండో వైపు కూడా వాసింది సారూ,’’ అంది. ‘‘ఇంక మీకు సెప్పను.’’

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చి, భువన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మలయ్‌లో మాట్లాడింది. పుట్టినప్పట్నుంచీ నోట్లో ఉన్న భాషే గనక తడుముకోలేదు.

‘‘నేను చెప్తాను, రాసుకోండి. ఈ నాటకంలో దెబ్బల చప్పుడు చేసేది నేను. మొదటిది నాది. రెండోదానికి నేను చెయ్యలేదు, మీకూ వినిపించదు. మూడోది నాది కాదు.’’

ఆఫీసరు పెన్ను ఆపింది. ‘‘ఖాయంగా చెప్పగలరా?’’

‘‘మళ్ళీ పెట్టండి.’’

ఆఫీసరు వీడియో పెట్టింది. నవ్వులు, ఈల, మొదటి చప్పుడు. రామలక్ష్మి కళ్ళు మూసుకుని వింది. ‘‘ఇది అరచెయ్యి మీద అరచెయ్యి. గాలి ఇరుక్కుని పగులుతుంది, అందుకే మోగుతుంది.’’ మూడోది వచ్చింది. ఆవిడ కళ్ళు తెరిచింది. ‘‘ఇది మోగలేదు, చూడండి. దవడ ఎముక మీద పడింది. నిజం దెబ్బ ఇంతే ఉంటుంది. నవ్వొచ్చేలా ఉండదు.’’

భువన చెయ్యి బల్ల కిందనుంచి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆఫీసరు పేరు, ఐసీ అనే గుర్తింపు కార్డు నంబరు, చిరునామా అడిగి రాసుకుంది. మూడు దెబ్బల సంగతీ ఆవిడ చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, సంతకానికి కాగితం తిప్పి ఇటు పెట్టింది.

రామలక్ష్మి పెన్ను పట్టుకుంది గానీ సంతకం పెట్టలేదు.

‘‘ఇంకొకటి రాయాలి,’’ అంది.

‘‘ఏమిటది?’’

‘‘ఆడదాన్ని కొడితే నవ్వొచ్చేలా ఐదేళ్ళు ఆ చప్పుడు చేసింది నేనే అని. అది కూడా రాయండి.’’

అది కేసుకి అక్కర్లేదని ఆఫీసరు చెప్పబోయింది. ఆవిడ మొహం చూసి, కాగితం వెనక్కి తీసుకుని కింద ఇంకో వాక్యం రాసింది. అప్పుడు రామలక్ష్మి సంతకం పెట్టింది.